పద్దెనిమిది నిండాక పెద్దదిక్కు ఎవరు?



పెద్దాసుపత్రి వార్డులో మంచం దొరకగానే సిస్టర్ అడిగే మొదటి మాట మీరందరూ వినే ఉంటారు. “పేషెంట్‌తో ఎవరున్నారు? అటెండెంట్‌ని పిలవండి” అంటుంది. మన ఆసుపత్రులు నడిచే తీరే అంత. రక్తం శాంపిల్ పట్టుకుని ల్యాబ్‌కి వెళ్ళాలి, స్కానింగ్ దగ్గర వరసలో నిలబడాలి, లోపల లేని మందు బయట షాపులో కొనుక్కురావాలి, అర్ధరాత్రి సెలైన్ అయిపోతే సిస్టర్‌ని లేపాలి. అమ్మ చేస్తుంది, తమ్ముడు చేస్తాడు, ఊరి నుంచి దిగిన మేనమామ చేస్తాడు. ఆపరేషన్ అంటే సంతకం కూడా వాళ్ళనే అడుగుతారు. పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషి తన వైద్యానికి తానే ఒప్పుకోలు ఇవ్వవచ్చు, చట్టానికి అది చాలు. అయినా “మీ పెద్దవాళ్ళు ఎవరైనా రావాలమ్మా” అనే అంటారు.

ఆ పెద్దవాళ్ళు లేని పిల్లల గురించి ఈ కాసేపు మాట్లాడుకుందాం. బాలసదనాల్లో, స్వచ్ఛంద సంస్థలు నడిపే హోముల్లో పెరిగి, పద్దెనిమిదేళ్ళు నిండాక పెట్టె సర్దుకుని బయటికొచ్చే పిల్లలు వీళ్ళు. అందరూ అనాథలని అనుకోకండి. అమ్మ ఉండి పెంచలేనివాళ్ళు, నాన్న తాగుడుకు భయపడి పారిపోయి వచ్చినవాళ్ళు, రైల్వే స్టేషన్లో దొరికినవాళ్ళు, బాల్యవివాహం నుంచి తప్పించి తెచ్చినవాళ్ళు, అందరూ ఉంటారు ఇందులో.

ఇంకొకరి ఇంట్లో పెరిగే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. దాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. దత్తత వేరు, ఇది వేరు. బిడ్డ ఆ ఇంటి పేరు తీసుకోడు, ఆస్తి హక్కు రాదు. పెంచే బాధ్యత మాత్రం ఆ కుటుంబానిది, పర్యవేక్షణ బాలల సంక్షేమ సమితిది. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో అయితే తల్లిదండ్రులకు దూరమైన పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటి ఇళ్ళలోనే పెరుగుతారు. మన దగ్గర ఇంకా హోములదే పెద్ద వాటా. కాబట్టి నా మాట ఎక్కువగా హోము పిల్లల గురించే సాగుతుంది.

హోములో ఉన్నన్నాళ్ళూ వైద్యం విషయంలో నిబంధనలు బాగానే ఉన్నాయని ఒప్పుకోవాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం, దాని కింద 2016లో వచ్చిన నమూనా నియమాలు ఈ సంగతి వివరంగానే రాశాయి. బిడ్డ చేరగానే వైద్య పరీక్ష చేయించాలి. నెలనెలా చూపించాలి. ఒక్కొక్క బిడ్డకు విడిగా ఆరోగ్య రికార్డు ఉండాలి. మానసిక ఆరోగ్యం గురించి కూడా విడిగా నియమం ఉంది. అమలు ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది, అది వేరే గొడవ. కనీసం జ్వరం వచ్చిందని చెప్పుకోవడానికి ఒక వార్డెనమ్మ ఉంటుంది. మాత్ర వేసుకున్నావా అని అడిగే గొంతు ఒకటి ఉంటుంది.

పద్దెనిమిదో పుట్టినరోజు దాటితే ఆ గొంతు ఉండదు. అదొక్కటే కాదు, పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన ఏర్పాట్లు చాలావరకు అదే వయసుకు ఆగిపోతాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, ఎదుగుదల లోపాలు కనిపెట్టి ఉచితంగా వైద్యం చేయించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పద్దెనిమిదేళ్ళ దాకానే. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర, బడి మానేసిన ఆడపిల్లలకు అంగన్‌వాడీలో ఇచ్చే మాత్ర కూడా పంతొమ్మిదేళ్ళ దాకానే. మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. తల్లి వండి పెట్టే ఇళ్ళ పిల్లల్ని కూడా కలుపుకున్న లెక్క అది. హోము నుంచి వచ్చి, హాస్టల్ గదిలో పొద్దున టీ, మధ్యాహ్నం సమోసాతో నెట్టుకొచ్చే పిల్ల రక్తం ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

ఇక ఓపీలో డాక్టరు ముందు కూర్చున్నప్పటి సంగతి. డాక్టరు మామూలుగా అడిగే ప్రశ్నలే అడుగుతారు. మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా, ఫిట్స్ ఉన్నాయా, చిన్నప్పుడు ఏమైనా పెద్ద జబ్బు చేసిందా, ఏ మందైనా పడదా. మనకు ఈ జవాబులు అమ్మ దగ్గర ఉంటాయి. మూడో ఏట వచ్చిన కామెర్ల సంగతి మనకేం గుర్తుంటుంది? అమ్మకు గుర్తుంటుంది. హోము పిల్లలకు ఆ జ్ఞాపకం కాగితం మీద ఉంటుంది, ఆ కాగితం సూపరింటెండెంట్ గదిలో బీరువాలో ఉంటుంది. పిల్ల బయటికి వెళ్ళే రోజున టెన్త్ మెమో, టీసీ, ఆధార్ కార్డు చేతికిస్తారు. ఆరోగ్యం ఫైలు కూడా నకలు తీసి ఇవ్వాలని ఎంతమందికి తోస్తుంది? ఏ టీకాలు పడ్డాయి, పదో ఏట, పదహారో ఏట వేయాల్సిన టీడీ సూది పడిందా లేదా, బ్లడ్ గ్రూప్ ఏమిటి, ఏ మందు పడదు, ఏ ఆపరేషన్ జరిగింది, ఇప్పుడు ఏం మాత్రలు వాడుతోంది. ఇదంతా రెండు పేజీల్లో రాసి డాక్టరు సంతకంతో ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఆయుష్మాన్ భారత్ వాళ్ళ ఆభా ఆరోగ్య ఖాతా నంబరు, పద్నాలుగంకెలది, తీయించి ఆ రికార్డులు అందులో ఎక్కిస్తే ఇంకా మంచిది. పిల్ల ఏ ఊరు వెళ్ళినా వెంట ఉంటాయి.

కొందరికి ఈ కాగితం ప్రాణంతో సమానం. పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకిన పిల్లల సంగతి చెబుతున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలో హెచ్‌ఐవీ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో ఒకటి. తల్లిదండ్రులిద్దర్నీ ఆ జబ్బుకే పోగొట్టుకుని, తామూ ఆ జబ్బుతోనే హోముల్లో పెరిగిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు. మందులు ఉచితమే, 2004 నుంచి ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఇస్తున్నారు. రోజూ వేసుకుంటే మామూలు మనిషిలా బతకొచ్చు. అయితే ఈ మందు రోజూ వేసుకోవాలి, మానకూడదు. హోములో ఉండగా అక్క ఎవరో గ్లాసుతో నీళ్ళు, మాత్ర పట్టుకొచ్చి ముందు నిలబడేది. ఇప్పుడు వర్కింగ్ హాస్టల్‌లో ముగ్గురు పంచుకునే గదిలో, మిగతా ఇద్దరి కళ్ళబడకుండా మాత్ర వేసుకోవాలి. డబ్బా మీద లేబుల్ చింపేసి, విటమిన్ డబ్బాలో పోసుకోవాలి. సెలవు పెట్టి ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్ళాలంటే మేనేజరుకు కారణం చెప్పాలి. ఒక నెల తప్పుతుంది, తర్వాత రెండు నెలలు తప్పుతాయి.

వీళ్ళు ఇది వింటుంటే రెండు సంగతులు చెప్పాలి. పని దొరికిన ఊరికి దగ్గరలో ఉన్న కేంద్రానికి మీ కార్డు మార్పించుకోవచ్చు, పాత కేంద్రంలో అడిగితే ట్రాన్స్‌ఫర్ రాసిస్తారు. రెండోది, 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నీకు ఆ జబ్బు ఉందా లేదా చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. కోర్టు ఆదేశిస్తే తప్ప చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. పరీక్ష చేయించుకుంటేనే ఉద్యోగం అనడం కూడా ఆ చట్టం ఒప్పదు.

మనసు సంగతి ఇంకా కష్టం. చిన్నతనంలో దెబ్బలు తిన్నవాళ్ళు, అంతకన్నా ఘోరాలు చూసినవాళ్ళు వీళ్ళలో ఉన్నారు. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, పోక్సో కింద నడిచే కేసులో సాక్ష్యం చెప్పడానికి ఇరవయ్యో ఏట కోర్టు మెట్లెక్కే అమ్మాయి ఉంటుంది. ఆ రోజు సాయంత్రం ఆమె తిరిగి వచ్చేది హాస్టల్ గదికి. పదేళ్ళ పాటు యాభై మంది మధ్య పడుకున్న పిల్లకు ఒంటరి గదిలో నిద్ర పట్టదు. కాలేజీ హాస్టళ్ళకు సంక్రాంతి సెలవులు ఇస్తారు, మెస్ మూసేస్తారు. అందరూ ఊళ్ళకు బస్సెక్కుతారు. వీళ్ళు ఎక్కడికి ఎక్కాలి? పండగ పూట తిండి దొరకక, మాట్లాడే మనిషి లేక ఉండడం ఆరోగ్య సమస్య కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఆడపిల్లల విషయంలో ఇంకొకటుంది. హోములో పెరిగిన అమ్మాయికి కలెక్టరుగారే పెళ్ళి పెద్దగా నిలబడి చేసిన పెళ్ళి ఫొటోలు అప్పుడప్పుడు పేపర్లో వస్తుంటాయి. చూడడానికి సంతోషంగానే ఉంటుంది. మన ఇళ్ళలో తొలి కాన్పుకి ఆడపిల్లను పుట్టింటికి తెచ్చుకుంటారు. ఏడో నెలలో శ్రీమంతం, ఆ తర్వాత అమ్మ చేతి పత్యం, నడుముకు వేడినీళ్ళు, బిడ్డకు నలుగు. కలెక్టరుగారు మూడేళ్ళకు బదిలీ అయిపోతారు. ఆ పిల్లకు పుట్టిల్లు ఏది? కాన్పు రోజుకు అంబులెన్స్ వస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రిలో పురుడు పోస్తారు. కుట్లు నొప్పి పుడుతున్నాయని, పాలు పడడం లేదని, ఎందుకో ఏడుపొస్తోందని చెప్పుకోవడానికి మాత్రం ఎవరూ ఉండరు. ఇలాంటి అమ్మాయిలకు కాన్పు సమయంలో నెల రోజుల పాటు ఉండడానికి జిల్లాకొక చోటు కేటాయించడం ప్రభుత్వానికి మోయలేని ఖర్చేమీ కాదు. ఇలాంటిది ఏ అధికారి అయినా మొదలుపెడితే పేపర్లో ఆ ఫొటో చూడాలని ఉంది.

చట్టం వీళ్ళను పూర్తిగా వదిలేసిందా అంటే, లేదు. హోము నుంచి వెళ్ళేవారికి ఇరవై ఒకటో ఏటి దాకా, ప్రత్యేక పరిస్థితి ఉంటే మరో రెండేళ్ళు, అనంతర సంరక్షణ ఇవ్వవచ్చని నియమాలున్నాయి. ఆరుగురు ఎనిమిదిమంది కలిసి ఉండే ఇళ్ళు, చదువుకు స్కాలర్‌షిప్, పని నేర్చుకునేటప్పుడు స్టైపెండ్, సలహా చెప్పే కౌన్సెలరు, ఇవన్నీ అందులో రాశారు. కేంద్రం పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. హైదరాబాదు అమీర్‌పేటలో ఒక మంచానికి, రెండు పూటల భోజనానికి ఆ డబ్బు సరిపోదు. పైగా చట్టం దీన్ని పిల్లల హక్కుగా రాయలేదు, ప్రభుత్వానికి వీలుగా రాసింది. నిధులుంటే ఇస్తారు, అడిగినవాళ్ళకు ఇస్తారు. ఎవరిని అడగాలో పద్దెనిమిదేళ్ళ పిల్లకు తెలియాలి కదా? జిల్లా బాలల సంరక్షణ విభాగం అని ఒకటుంటుంది, ప్రతి జిల్లాలోనూ. అక్కడ అడగాలి. మామూలుగా అయితే పిల్ల వెళ్ళడానికి రెండు నెలల ముందే హోము వాళ్ళు ప్రణాళిక తయారుచేసి సమితి ముందు పెట్టాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. చట్టం మాట సంస్థలో ఉండి వెళ్ళేవారి గురించే. పదిహేడో ఏట ఇంటికి పంపేసిన పిల్లవాడికి, ఫోస్టర్ కుటుంబంలో పెరిగిన పిల్లకి ఇది వర్తిస్తుందా అంటే గట్టిగా చెప్పే మాట అందులో లేదు.

ఈ నాలుగు వేలలోనే వైద్యం కూడా చేయించుకోవాలా? ఇక్కడే నాకు అసలు అభ్యంతరం ఉంది. పేదలకు ఉచిత వైద్యం చేయించే మన ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైంది. ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది, అందులో సందేహం లేదు. కానీ దాని పునాది ఎక్కువగా రేషన్ కార్డే, రేషన్ కార్డు పునాది కుటుంబం. కుటుంబమే లేని పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, హాస్టల్ చిరునామాతో, ఒంటరి మనిషి రేషన్ కార్డు కోసం మీసేవకో సచివాలయానికో వెళితే ఏమవుతుందో తిరిగినవాళ్ళకు తెలుసు. కర్నూలు హోములో పెరిగి హైదరాబాదులో పనికి చేరిన అమ్మాయి అయితే ఇంకా కష్టం, ఆమె ఏ రాష్ట్రం బిడ్డ అన్నది మొదట తేలాలి.

కుటుంబం అడగకుండా కార్డు ఇవ్వడం ప్రభుత్వానికి చేతకాదా? చేతనవుతుంది, చేసి చూపించింది కూడా. 2024 అక్టోబరు నుంచి డెబ్బై ఏళ్ళు నిండిన ప్రతివారికీ, ఆదాయం అడగకుండా, ఆధార్ చూపిస్తే ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు. కోవిడ్‌లో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలకు పీఎం కేర్స్ పథకం కింద అయిదు లక్షల ఆరోగ్య బీమా, పద్దెనిమిది దాటాక నెలనెలా స్టైపెండ్, ఇరవైమూడో ఏట పది లక్షల రూపాయలు పెట్టారు. మంచి పని. మరి 2019లో టీబీతో తండ్రి, ప్రమాదంలో తల్లి పోయిన పిల్ల చేసుకున్న పాపమేమిటి? అనాథలను ఒక వర్గంగా గుర్తించడం కూడా మనకు కొత్త కాదు. పదేళ్ళ లోపు తల్లిదండ్రులను కోల్పోయి, చూసే దిక్కు లేక గుర్తింపు పొందిన అనాథాశ్రమాల్లో చేరిన పిల్లలను బీసీ-ఏ జాబితాలో చేర్చింది మన దగ్గరే.

అన్నిటికన్నా నన్ను నిలదీసే పోలిక ఇంకొకటి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం, సీజీహెచ్‌ఎస్ ఉంది. అందులో ఉద్యోగి కొడుక్కి సంపాదన మొదలయ్యేదాకా, పెళ్ళయ్యేదాకా, లేదంటే ఇరవై అయిదేళ్ళు నిండేదాకా వైద్యం ఉంటుంది. కూతురికి వయసు హద్దు కూడా లేదు, ఉద్యోగమో పెళ్ళో అయ్యేదాకా ఉంటుంది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు ఇంకా తండ్రి మీద ఆధారపడి ఉంటాడని ప్రభుత్వానికి తెలుసన్నమాట. తన గుమస్తా కొడుకు విషయంలో అంత తెలిసిన ప్రభుత్వం, తానే కస్టడీ తీసుకుని, తానే అన్నం పెట్టి పెంచిన పిల్లవాడు మాత్రం పద్దెనిమిదికే పెద్దవాడైపోయాడని ఎలా అనుకుంటుంది? అమెరికా వాళ్ళు ఈ లెక్క సరిగానే వేశారు. 2010 నాటి చట్టంలో, తల్లిదండ్రుల బీమాలో పిల్లలు ఇరవై ఆరేళ్ళ దాకా ఉండవచ్చన్నారు. అలాగే ఫోస్టర్ కేర్‌లో పద్దెనిమిది నిండి బయటికొచ్చినవాళ్ళకు కూడా, ఇరవై ఆరేళ్ళ దాకా, ఆదాయం అడగకుండా ప్రభుత్వ వైద్య బీమా మెడికెయిడ్ ఇవ్వాలన్నారు. 2014 నుంచి ఇస్తున్నారు. వాళ్ళకూ చిక్కులొచ్చాయి, ఒక రాష్ట్రంలో పెరిగి ఇంకో రాష్ట్రానికి వెళితే ఆ బీమా చాలాచోట్ల ఆగిపోయేది. 2018లో ఇంకో చట్టం తెచ్చి, 2023 నుంచి పద్దెనిమిది నిండేవాళ్ళకు ఆ బెడద లేకుండా చేశారు. మన కర్నూలు అమ్మాయి చిక్కు అక్కడా ఉందన్నమాట, వాళ్ళు తీర్చుకున్నారు.

అలాంటి కార్డు మన దగ్గర కూడా వచ్చేదాకా ఏం చేయాలి? హోము నుంచి వచ్చి కొత్తగా పనిలో చేరినవాళ్ళు ఎవరైనా వింటుంటే ఒక సలహా. జీతం మాట్లాడుకునేటప్పుడు ఈఎస్ఐ, అంటే ఉద్యోగికి వైద్యం చేయించే బీమా, ఉందా అని తప్పకుండా అడగండి. పదిమందికి తగ్గకుండా పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉంటే, యజమాని మిమ్మల్ని ఈఎస్ఐలో చేర్చాలి. మీ జీతంలో నూటికి ముప్పావలా కట్ అవుతుంది, యజమాని మూడుంపావు కడతాడు. దానికి రేషన్ కార్డు అక్కర్లేదు, తండ్రి పేరు మీద కార్డు అక్కర్లేదు. కొన్ని నెలలు చందా పడ్డాక జబ్బు చేసి సెలవు పెడితే జీతంలో 70 శాతం వాళ్ళే ఇస్తారు, 91 రోజుల దాకా. “ఈఎస్ఐ వద్దు, ఆ డబ్బు చేతికిచ్చేస్తాను” అనే యజమానులుంటారు. ఒప్పుకోకండి. వెనక మనిషి లేనివాళ్ళకు ఆ చిన్న కార్డే వెనక మనిషి.

మనసు బాగాలేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, 2022 నుంచి నడుస్తోంది, డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

డాక్టర్లకు, సిస్టర్లకు ఒక విన్నపం. ఒంటరిగా వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్లను “అమ్మానాన్నా రాలేదా?” అని పదిమందిలో అడగకండి. ఆమె సంతకం తీసుకోండి, చట్టం అడిగేది అదే. వార్డులో ఆమె పక్కన నిలబడే మనిషిని ఏర్పాటు చేయడం ఆసుపత్రి సోషల్ వర్కరు బాధ్యతగా పెట్టండి. హోములు నడిపేవారికి చెప్పేది, ఆ ఆరోగ్యం ఫైలు నకలు పిల్ల చేతికిచ్చి పంపండి, ఆరు నెలలకోసారి అయినా ఫోన్ చేసి మందులు వాడుతున్నావా అని అడగండి.

రెండు తెలుగు ప్రభుత్వాలను అడగాల్సింది ఒక్కటే. మీ హోముల్లో పెరిగిన పిల్లలకు, ఫోస్టర్ కుటుంబాల్లో పెరిగినవారికి కూడా, ఏ రాష్ట్రంలో ఉన్నా చెల్లేలా, ఇరవై అయిదేళ్ళు నిండేదాకా వాళ్ళ సొంత పేరు మీద ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఇవ్వండి. పద్దెనిమిదో పుట్టినరోజు నాటికే ఆ కార్డు వాళ్ళ చేతిలో ఉండాలి.